క్రైటీరియా ఫైవ్ ఇన్‌ఛార్జి

మా కాలేజీలో విద్యార్థులకు అందే సేవలన్నిటికీ ఇన్‌ఛార్జిని నేనే. బుక్ బ్యాంకు, స్కాలర్‌షిప్ సెక్షను, రెమెడియల్ క్లాసులు, యాంటీ ర్యాగింగ్ కమిటీ, గ్రీవెన్స్ సెల్, కౌన్సెలింగ్ గది అన్నీ నా కిందికే వస్తాయి. నేను బీటెక్ చదివిన రోజుల్లో వీటిలో ఒక్కదాని గడపైనా తొక్కిన పాపాన పోలేదు. అలాంటివాణ్ణి ఇక్కడ ఎలా కూర్చోబెట్టారంటే, కాలేజీల నాణ్యత తేల్చే నాక్ వాళ్లు మా కాలేజీని తూచిన ఏడు క్రైటీరియాల్లో ఐదోది ‘స్టూడెంట్ సపోర్ట్ అండ్ ప్రోగ్రెషన్’. దానికి ఫైళ్లు కావాలి. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుంది.

నా తెలివి ఏపాటిదో చెప్పడానికి బుక్ బ్యాంకు సంగతి ఒక్కటి చాలు. ఇంజనీరింగు, మెడిసిన్ లాంటి కోర్సుల్లో చేరిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఇద్దరికో సెట్టు చొప్పున పాఠ్యపుస్తకాలు ఇవ్వడానికి పెట్టిన కేంద్ర ప్రభుత్వ పథకం అది. నేను చదివిన కాలేజీలోనూ ఉండేది, లైబ్రరీ వెనకవైపు కిటికీ దగ్గర. ఫస్టియర్లో పుస్తకాలిచ్చే రోజున ఆ వరండా మొదటి దాకా వెళ్లి, లైను చూసి వెనక్కి తిరిగొచ్చేశాను. అందులో నిలబడితే రూమ్మేట్లకి నా సంగతి తెలిసిపోతుందని భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఎంసెట్ ర్యాంకు అడిగి, అంకె విని, ‘ఓహో’ అని పక్కవాడి వైపు చూసి నవ్వే సీనియర్లు హాస్టల్లో ఉండేవాళ్లు. కాబట్టి వెనక్కి రావడాన్ని నేను మూర్ఖత్వం అనను. ఆ తర్వాత చేసింది మూర్ఖత్వం.

ఆదివారం కోఠీ వెళ్లాను. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలాయనతో నోరు ఎండిపోయేలా బేరమాడి, నాన్న మెస్ బిల్లుకని పంపిన డబ్బులు పెట్టి గ్రేవాల్ మ్యాథ్స్ పుస్తకం కొన్నాను. హాస్టల్‌కొచ్చి అట్ట తెరిస్తే లోపల ఊదారంగు ముద్ర: ‘బుక్ బ్యాంక్, ఎస్సీ/ఎస్టీ’. కింద ఎక్కడో వేరే ఊరి కాలేజీ పేరు. ఊరికే ఇస్తామంటే వద్దనుకుని వచ్చినవాణ్ణి, అదే పుస్తకాన్ని డబ్బు పోసి కొనుక్కున్నానన్నమాట. అంతటితో ఊరుకున్నానా? లైటు ఆర్పే వేళ దాకా కూర్చుని బ్లేడుతో ముద్ర గీకాను. ముద్ర పోలేదు గానీ కాగితం చిల్లు పడి, వెనకనున్న విషయసూచిక సగం ఎగిరిపోయింది. లైబ్రరీ పుస్తకాలకు లోపలి పేజీల్లో ఎక్కడో ఇంకో ముద్ర కూడా వేస్తారని నాకేం తెలుసు? క్లాసులో పుస్తకం తిప్పుతుంటే అది పక్కవాడి కంటబడింది. నా గుండె ఆగినంత పనయింది. వాడు మాత్రం చాలా మామూలుగా, ‘ఒరేయ్, నీకు పాతది తగిలిందా? నాకు కొత్తదిచ్చార్రా’ అన్నాడు. వాడి పక్కన లైన్లో నిలబడి ఉంటే ఇద్దరం ఒక సెట్టుతో, ఒక స్నేహంతో ఆ ఏడాది గడిపేవాళ్లం.

రెమెడియల్ క్లాసులదీ ఇదే వరస. తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ణి, లెక్చరరు చెప్పేదాంట్లో ‘దేర్‌ఫోర్’ ఒక్కటే అర్థమయ్యేది. సాయంత్రం క్లాసులకు వెళితే మొద్దులమని ఒప్పుకున్నట్టే కదా అని హాస్టల్లో పడుకున్నాను. ఎం-వన్ మ్యాథ్స్ పేపరు సప్లీ ఫీజు కట్టడానికి మాత్రం అందరితోపాటు బుద్ధిగా లైన్లో నిలబడ్డాను. ఆ లైన్లో సిగ్గనిపించలేదు.

ఇంత అనుభవం ఉన్నవాడు ఇన్‌ఛార్జి అయితే పిల్లల కష్టం ఇట్టే పట్టేస్తాడని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను.

నాక్ టీం రావడానికి ముందు మాకు ఫొటోల జాతర. ఏ గదికైనా జియోట్యాగ్ ఫొటో ఉండాలి. కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము పడాలి. అందరి ఫోన్లలోనూ జీపీఎస్ మ్యాప్ కెమెరా యాప్ వేయించాను. కౌన్సెలింగ్ గది తాళంచెవి దొరకడానికే ఒక పూట పట్టింది. దుమ్ము దులిపించి, బల్ల మీద ప్లాస్టిక్ పూలకుండీ పెట్టించాను. పార్ట్‌టైం కౌన్సెలర్ ఆ రోజు రాలేదు కాబట్టి ఇంగ్లీషు మేడంని కుర్చీలో కూర్చోబెట్టాం. ఎదురు కుర్చీలోకి ఒక స్టూడెంట్ కావాలి. క్లాసుకి ఆలస్యంగా వచ్చి వరండాలో నిలబడ్డ అమ్మాయి కనిపిస్తే పిలిచాను. మెడలో ఐడీ కార్డు, చేతిలో టిఫిన్ బాక్సుల సంచి. ‘సంచి కింద పెట్టమ్మా, ఫ్రేములో పడుతోంది. మేడంకి ఏదో చెబుతున్నట్టు ఉండు.’ ఫొటో తీశాను. బాగానే వచ్చింది. ఆ అమ్మాయి లేవలేదు.

‘సార్, ఈ రూము రోజూ తీసే ఉంటుందా?’ అంది.

నేను యాప్‌లో అక్షాంశం సరిగ్గా పడిందా లేదా అని చూసుకుంటున్నాను. ‘ఫొటో అయిపోయిందమ్మా, నువ్వు క్లాసుకెళ్లు’ అన్నాను, ఏ క్లాసులోంచైతే బయట నిలబెట్టారో ఆ క్లాసుకి.

సెమిస్టరు చివర్లో డిటెన్షన్ లిస్టు నా బల్ల మీదికొచ్చింది. మా దగ్గర హాజరు 75 శాతం ఉండాలి. 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్టు పెట్టి, ఫీజు కట్టి కండొనేషన్ తెచ్చుకోవచ్చు. అంతకంటే తగ్గితే ఎవరూ ఏమీ చేయలేరు. ఏడాది పోతుంది, హాజరు లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంటూ ఆగుతుంది. ఆ అమ్మాయికి 61. కనుక్కుంటే వాళ్లమ్మ ఆపరేషనై ఆసుపత్రిలో ఉంది. పొద్దున్నే వంట చేసి, తమ్ముణ్ణి బడికి పంపి, ఆసుపత్రిలో బాక్సు ఇచ్చి, బస్సు మారి వచ్చేది. ముందే తెలిసి ఉంటే హెచ్‌ఓడీతో మాట్లాడి ఆ నాలుగు శాతం ఎలాగో గట్టెక్కించేవాళ్లం. ఇరవై మంది పిల్లలకు ఒక మెంటరు ఉంటాడు కదా, ఆయన ఏం వెలగబెడుతున్నాడని కోపంగా రిజిస్టరు తెప్పించాను. మెంటరు నేనే. ఆ అమ్మాయి రోల్ నంబరు ఎదురుగా ‘సమస్యలు’ అన్న గడిలో, నా గుండ్రటి దస్తూరీతో, ‘నిల్’.

మా క్రైటీరియాకి మంచి మార్కులే వచ్చాయి. ఆ ఫొటో ఫైల్లో ఉంది.

2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మాకు కొత్త పని పడింది. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో ఇచ్చిన తీర్పది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో కనిపించేలా రాయాలని అందులో ఉంది. కౌన్సెలర్ ఇప్పుడు రోజూ వస్తున్నారు. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటోంది, అంతవరకూ నయం. నేను మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, మా అటెండరుతో అంటింపజేస్తున్నాను. ఆయన కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. జిగురు డబ్బా పక్కన పెట్టి అడిగాడు:

‘సార్, దీనికి చేస్తే తెలుగులో మాట్లాడతారా?’

‘ఎందుకు మాట్లాడరు? రాత్రీ పగలూ ఉంటారు, పైసా ఖర్చు లేదు’ అన్నాను, సర్క్యులర్ అప్పజెబుతున్నట్టు.

‘మీరెప్పుడైనా చేశారా సార్?’

ఆ డిటెన్షన్ లిస్టు తర్వాత చాలాకాలం నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆ సంగతి ఇంట్లోనూ చెప్పలేదు, ఆ నంబరుకీ చేయలేదు. స్టాఫ్ మీటింగుందని చెప్పి అక్కణ్ణించి జారుకున్నాను.