మేడెక్కిన గట్టు తగాదా

పల్నాటి పత్తిచేనిలో మూరెడు గట్టుకై మూడు తరములు కోర్టు మెట్లెక్కిన వంశములవారు, చేను కౌలుకిచ్చి గుంటూరు బ్రాడీపేటలో ఫ్లాటు కొన్న పిమ్మట వ్యాజ్యయోగము తీరినదని నిట్టూర్చిరి గాని, దస్తావేజులోని ‘అవిభక్తమైన వాటా’ యనునది తమ పాలిటి కొత్త గట్టని ఎరుగరైరి.

మొన్న ఫాల్గుణమున మా అపార్ట్‌మెంటు డాబాపై ఐదవ అంతస్తు ఆసామి రెండు బస్తాల తేజ మిరపకాయలు ఆరబోయగా, సంఘ కార్యదర్శిగారు తుమ్ముచునే నోటీసు వ్రాసిరి. ‘నా వంతులోనే పోసితి’నని ఆసామి సుద్దముక్కతో గీసిన గీతను చూపెను, గాలికి మాత్రము ఆ గీత కనబడలేదు. ఆసామి మెయింటెనెన్సు ఆపెను, సంఘము కుళాయి కట్టివేసెను.

1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టము ఇటువంటి ఉమ్మడి కాపురములకు కట్టుబాట్లు కల్పింపగా, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టము, సభ్యులు పోట్లాడుకొనక మానరని ముందే ఎరిగినట్లు, 23వ సెక్షనులో ఆర్బిట్రేషనుకో జిల్లాకోర్టుకో దారి చూపినది. ఇక తగవు డాబా దిగి కారులు నిలుపు చోటికిని పాకినది; స్తంభముల నడిమి కారుస్థలమును బిల్డరు విడిగా అమ్మజాలడని 2010లో ఒక బొంబాయి వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ప్రతిని ఇరుపక్షములవారును జేబులో పెట్టుకొనియే తిరుగుచున్నారు; చదివినవారు తక్కువ.

వాయిదానాడు మాత్రము వాది ప్రతివాదులు ఒకే ఆటోలో పోవుచున్నారు, కిరాయి చెరిసగము: కారు కదిలించినచో ఆ స్తంభముల నడిమి చోటులో మూడవవాడు బండి పెట్టునేమోనని.