తేజతో నా కాపురం

తెనాలి దగ్గర సంగం జాగర్లమూడిలో 1898లో పుట్టిన మునిమాణిక్యం నరసింహారావు గారు బడిపంతులు. ఇల్లాలి ముందు మొగుడు ఓడిపోయిన ప్రతి పూటనూ కాంతం కథల్లో పెట్టి తెలుగువాళ్ళను నవ్వించారు. నేనూ బడిపంతులునే, లెక్కల మాస్టారిగా రిటైరయ్యాను. ఆయనకు కాంతం దొరికింది, నాకు తేజ దొరికింది. తేజ అంటే మిరప రకం లెండి, కంగారు పడకండి.

2023లో తేజ క్వింటా 20,000 దాటిందని విన్న రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. పాత జవాబు పత్రం వెనక లెక్క కట్టాను. కౌలుకు రెండెకరాలు, ఎకరానికి 20 క్వింటాళ్ళు, క్వింటా 20,000. వెరసి 8 లక్షలు. మా ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో పురుగు ఏ గళ్ళో ఉందండీ?" అంది. ఆడవాళ్ళకు గుణకారం అర్థం కాదని పెద్దగా నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ వడ్డీ కడుతున్నాను.

మా ఇల్లు పర్చూరు దగ్గర, కౌలు పొలం చిలకలూరిపేట అవతల. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టారు కదా, ఇల్లు బాపట్ల జిల్లాలో పడింది, పొలం పల్నాడులో పడింది, అప్పు మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది. మూడు జిల్లాలలో ఆస్తి ఉన్నవాణ్ణని పెళ్ళిళ్ళలో చెప్పుకుంటున్నాను.

ఇక పురుగు సంగతి. 2021లో మా మిరప తోటల మీద పడిన నల్ల తామర పురుగు మళ్ళీ వెనక్కి పోలేదు. పువ్వులో కూర్చుంటుంది. పూత రాలిపోయేదాకా లేవదు, మా బంధువుల్లాగే. జిగురు అట్టలు కట్టమన్నారు. నీలం అట్టలు కొనుక్కొచ్చి తెల్లవారుజామున కడుతుంటే పురుగు కంటే ముందు నా పంచె అంటుకుంది. ఒక అట్ట విడిపించుకునేసరికి రెండోది పట్టుకుంది. కోతకు వచ్చిన కూలీలు నన్ను ఏ అవతారంలో చూశారో రాయను. ఆ రోజు కాయ ఎక్కువ తెగింది, అందరూ హుషారుగా ఉన్నారు. ఇంకొకటి, మిరపకాయ ముట్టుకున్న చేత్తో ఒంటి మీద ఎక్కడెక్కడ ముట్టుకోకూడదో ఏ వ్యవసాయ పుస్తకమూ చెప్పదు. ఆ పాఠానికి రెండోసారి తరగతి అక్కర్లేదు.

కల్లంలో ఎండబెట్టి, వానొస్తే పట్టాలు కప్పి, రాత్రుళ్ళు కాపలా పడుకుని, 2025 ఫిబ్రవరిలో గుంటూరుకు తోలాను. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్టని అక్కడి యార్డుకు పేరు. అడుగుపెట్టిన ప్రతివాడూ తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ ఉంటాడు. ఎవడి కన్నీళ్ళు ఘాటువో, ఎవడివి రేటువో చెప్పలేం. మగవాడు పరువు పోకుండా ఏడవడానికి ఆసియాలోకెల్లా పెద్ద చోటు కూడా అదేనని నా నమ్మకం. కొనేవాడు గోతాంలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, ఒక కాయ తుంచి, వాసన చూసి, "తాలు ఎక్కువుంది మాస్టారూ" అన్నాడు. నలభయ్యేళ్ళు పిల్లల జవాబు పత్రాల మీద నేను రాసింది కూడా దాదాపు అదే.

మిర్చి రేటు పడిపోయిందని ఆ నెలలోనే కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. చివర ఆ ఒక్క రూపాయి చూస్తే లెక్కల మాస్టారిగా ఎంత ముచ్చటేసిందో! అంత కచ్చితంగా నా తోట ఏనాడూ కాయలేదు.

1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా మందుల శాస్త్రజ్ఞుడు కారం కొలిచే పద్ధతి కనిపెట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్ళలో కలిపి నాలుక మీద వేస్తారు. మంట తెలియకుండా పోయేదాకా ఇంకా ఇంకా పలచన చేస్తారు. ఎన్ని రెట్లకు మంట పోయిందో అదే దాని ఘాటు. నేను సరుకు దింపిన కమీషను కొట్టు వాళ్ళకు ఆ దొర ఎవరో తెలియదు గానీ, విద్య మాత్రం కరతలామలకం. నా డబ్బులో కమీషను ఒక గ్లాసు పోశారు, హమాలీ ఒక గ్లాసు, కాటా కూలి ఒక చెంబు, మచ్చుకు తీసిన గుప్పిళ్ళు, గోతాల బరువు, ముందిచ్చిన పెట్టుబడి మీద వడ్డీ రెండు బిందెలు. చివరికి చేతిలో పెట్టింది నాలుకకు తగల్లేదు.

గుంటూరులో నా పాత మిత్రుడొకడు పొద్దున్నే పార్కులో నవ్వుల సంఘానికి పోతాడు. చేతులు పైకెత్తి పది మంది కలిసి హహ్హహ్హ అంటారట, నెల చందా కట్టి. "నువ్వూ రారా, మనసు తేలికపడుతుంది" అన్నాడు. ఒరేయ్, మా ఊరి టీ కొట్టు దగ్గర ఆ పని ఉచితంగా జరుగుతుంది. పత్తిలో గులాబీ పురుగు పడినవాడు ఒక కథ చెబుతాడు, తేమ ఎక్కువుందని కొనుగోలు కేంద్రం నుంచి బండి తిప్పుకొచ్చినవాడు ఇంకొకటి. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఎందుకంటే బల్ల చివర అప్పిచ్చినవాడు కూర్చుని టీ తాగుతున్నాడు! 'నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదు' అని సామెత. మొదటి సగం ఎవడో పనిలేనివాడు కలిపాడు. రెండో సగం మాత్రం అచ్చంగా వడ్డీ వ్యాపారి నోటి మాటే. ఏడిస్తే పాత బాకీ అడుగుతాడు, నవ్వితే కొత్త బాకీ ఇస్తాడు. పట్టాదారు పుస్తకం లేని కౌలు రైతుకు తాకట్టు పెట్టడానికి మొహం తప్ప ఏముంది?

జూన్లో పురుగుమందుల కొట్టుకు పోయాను. "ఏం మాస్టారూ, తేజ గట్టి దెబ్బే కొట్టిందంటగా?" అన్నాడు కొట్టాయన, పాత ఖాతా మీద చెయ్యి ఆనించి. జిగురు అట్టా పంచె కథ ఎత్తుకున్నాను. రెండు అట్టలను నాలుగు చేశాను, కూలీల ముందు పరుగు కూడా పెట్టించాను. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వి, కండువాతో తుడుచుకుని, ఖాతాలో కొత్త పేజీ తిప్పాడు.

"మరి ఈ ఏడు పత్తి గింజలు ఎన్ని ప్యాకెట్లు రాయమంటారు?"