చిత్రం అందుబాటులో లేదు

మ్యూజియం డేటాబేస్‌లో బొమ్మ ఉండదు, బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామా ఉంటుంది. శిల్పం పేరు, దానికి మ్యూజియం ఇచ్చిన యాక్సెషన్ నంబరు, రాయి రకం, కొలతలు, దొరికిన ఊరు ఒక్కో గడిలో చేరతాయి. చివరి గడిలో ఫోటో ఫైలుకు దారి రాస్తారు. ఫోటో మాత్రం వేరే సర్వర్‌లో, ఒక్కోసారి వేరే కంపెనీ చేతిలో ఉంటుంది. గడి నిండితే లెక్కలో బొమ్మ చేరినట్టే. కోటికి పైగా రాతప్రతులను భద్రపరిచే జ్ఞాన భారతం మిషన్ ప్రకటన 2025 కేంద్ర బడ్జెట్‌లో వచ్చాక లక్షల్లో మాట్లాడడం నామోషీ అయింది కాబట్టి, గడులు ఇంకా జోరుగా నిండుతున్నాయి. ఆ దారి పట్టుకుని వెళ్తే బొమ్మ కనబడాలన్న షరతు మాత్రం ఏ ప్రారంభోత్సవ ప్రసంగంలోనూ వినబడదు.

ఉద్దేశంలో తప్పు లేదు. పుణె సీడాక్ తయారుచేసిన జతన్ సాఫ్ట్‌వేర్‌తో మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్ మొదలైనప్పుడు, అందులోకి వచ్చిన పది మ్యూజియాల్లో మన సాలార్‌జంగ్, నాగార్జునకొండ ఉన్నాయి. సాలార్‌జంగ్‌లోని వీల్డ్ రెబెకా శిల్పాన్ని చూడడానికి బాన్సువాడ పిల్లలు హైదరాబాదు బస్సెక్కనక్కర్లేదన్నది ఇలాంటి పోర్టళ్లన్నీ ఇచ్చే మాట. మంజీర ఒడ్డున దొరికిన రాయి ఏ ఊళ్లో భద్రంగా ఉన్నా బాన్సువాడ బస్టాండులో కూర్చుని ఫోనులో చూసుకోవచ్చు. దారి తెగకుండా ఉంటే.

దారి తెగడానికి పెద్ద విపత్తులేమీ అక్కర్లేదు. విండోస్ కంప్యూటరు ఫైలు పేరులో పెద్దబడి, చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలను ఒకటిగానే చూస్తుంది. లినక్స్ సర్వర్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఒకదాని నుంచి మరోదానికి మారిన రాత్రి వేల బొమ్మలు మాయమవుతాయి. యాక్సెషన్ నంబరులోని ఏటవాలు గీత ఫైలు పేరులో చెల్లదు, కాబట్టి ఒక ఆపరేటర్ దాన్ని అడ్డగీత చేస్తాడు, ఇంకొకరు చుక్క చేస్తారు. కొన్నిచోట్ల దారి ఏకంగా ఎవరో ఒకరి సొంత కంప్యూటర్ డి డ్రైవ్ దగ్గర మొదలవుతుంది. ఆ కంప్యూటర్ తుక్కులోకి పోయి ఏళ్లవుతుంది.

జిల్లాల సంగతి వేరే. బాన్సువాడ 2016 అక్టోబర్ 11 దాకా నిజామాబాదు జిల్లా, ఆ రోజు నుంచి కామారెడ్డి జిల్లా. పక్కనున్న బోధన్ మాత్రం నిజామాబాదులోనే ఉండిపోయింది. జిల్లాల పేర్లతో ఫోల్డర్లు పెట్టిన చోట, శ్రద్ధగల ఉద్యోగి ఎవరైనా పేరు సరిచేసిన నిమిషంలో బాన్సువాడ బొమ్మలన్నీ పోతాయి. రాయి కదలలేదు, ఫోటో చెరగలేదు, జిల్లా మారిందంతే.

2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు అందకుండా పోయాయని ప్యూ పరిశోధన సంస్థ 2024లో తేల్చింది. లోకమంతా ఇంతే కదా అనే సాకు మ్యూజియానికి చెల్లదు. ఉన్నదాన్ని పోకుండా కాపాడడానికే దానికి జీతాలిస్తున్నారు.

ఫోటో పోయిన చోట ప్రత్యక్షమయ్యే బూడిదరంగు చట్రాన్ని కాస్త వివరంగా పరిచయం చేయాలి. మన డేటాబేసుల్లో అత్యధికంగా లభించే కళాఖండం ఇదే. మాధ్యమం: బూడిదరంగు మీద తెలుపు. కాలం: టెండరు ముగిసిన తర్వాత. లభించిన స్థలం: అన్ని జిల్లాలు. శిల్పి: అజ్ఞాత కాంట్రాక్టరు. పగుళ్లు, లోపాలు లేవు. దానిమీద ఒకటే శాసనం, ‘చిత్రం అందుబాటులో లేదు’.

ఈ కళాఖండానికి జరిగే మర్యాద విష్ణుమూర్తి విగ్రహానికి కూడా జరగదు. కింద ‘పెద్దదిగా చూడండి’ అని బటన్ ఉంటుంది. నొక్కితే చట్రం పెద్దదవుతుంది. దానికి అడ్డంగా సంస్థ ముద్ర ఉంటుంది, ఖాళీని ఎవరూ ఎత్తుకుపోకుండా. అనుమతి లేకుండా వాడరాదన్న హెచ్చరిక, మిత్రులతో పంచుకోండన్న ఆహ్వానం పక్కపక్కనే కనిపిస్తాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఇంతకన్నా ఖరీదైన ఉదాహరణ దొరకదు.

చట్రం చేసే అసలు మేలు వేరు. అడిగిన ఫైలు లేకపోతే సర్వర్ 404 అని జవాబివ్వాలి. ఆ అంకె నిజాయితీపరురాలు, లేదంటే లేదంటుంది. చట్రాన్ని చూపించే చోట సర్వర్ 200 అంటుంది, అంటే అంతా సవ్యం. లింకులు తనిఖీ చేసే ప్రోగ్రాము వెళ్లి అడుగుతుంది, 200 వింటుంది, సంతోషంగా తిరిగొస్తుంది. నివేదికలో నూటికి నూరు శాతం పడుతుంది. లోపాన్ని దిద్దడానికి కాదు, లోపం కనబడకుండా చేయడానికి ఖర్చు పెట్టి రాయించిన కోడ్ ఇది.

ఇక నవ్వడం కుదరదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి దొంగలు ఎత్తుకెళ్లిన సున్నపురాయి శిల్పాన్ని 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ న్యూయార్క్ డీలరు దగ్గర దాదాపు 6 లక్షల డాలర్లకు కొంది. 2016లో తిరిగి ఇచ్చేసింది. శిల్పం మన దేశంలో ఉన్నప్పటి పాత ఫోటో బయటపడబట్టి ఇచ్చింది. ఫోటో లేకుండా ఇది మాదని ఏ కోర్టులో, ఏ దేశంలో అడిగినా నవ్విపోతారు. బ్రిటిష్ మ్యూజియంలో సుమారు 2,000 వస్తువులు పోయాయనో, చోరీ అయ్యాయనో, దెబ్బతిన్నాయనో 2023లో బయటపడినప్పుడు, వాటిలో చాలావాటికి సరైన నమోదే లేదని తేలింది. 2018లో బ్రెజిల్ నేషనల్ మ్యూజియం తగలబడ్డాక, సందర్శకులు తీసుకున్న ఫోటోలు పంపండని అక్కడి విద్యార్థులు జనాన్ని అడుక్కోవాల్సి వచ్చింది. డబ్బిచ్చి ఫోటో తీయించి, ఎక్కడ పెట్టామో మరిచిపోవడం నిర్లక్ష్యం. మరిచిపోయిన సంగతిని బూడిదరంగు చట్రంతో కప్పెట్టడం మోసం. దానికి ఇంతకన్నా మెత్తని మాట వాడకూడదు.

తెగిన లింకులను పట్టుకోవడం కష్టమైన విద్య కాదు. డేటాబేస్‌లోని దారులన్నీ ఒక పట్టికగా దించాలి. డిస్కు మీది ఫైళ్లన్నీ ఇంకో పట్టిక. రెండింటినీ పోలిస్తే ఫైలు లేని దారులు ఒకవైపు, దారి లేని అనాథ ఫైళ్లు ఇంకోవైపు తేలతాయి. పోయాయనుకున్న బొమ్మలు తరచుగా ఆ అనాథల్లోనే దొరుకుతాయి. తర్వాత సున్నా బైట్ల ఫైళ్లను ఏరాలి. మిగిలిన ప్రతి దారికీ సర్వర్ పంపే ఫైలుకు చెక్‌సమ్ తీయాలి, అది ఫైలుకు వేలిముద్ర లాంటిది. నంది, నాణెం, కత్తి, ఖురాన్ ప్రతి అన్నింటికీ ఒకే వేలిముద్ర వచ్చిందంటే బూడిదరంగు చట్రం దొరికిపోయినట్టే. దానికి 200 పలకడమొకటే తెలుసు, వేలిముద్ర మార్చుకోవడం తెలియదు.

యంత్రానికి చిక్కని తప్పు ఒకటుంది. దారి సరైనదే, ఫైలు తెరుచుకుంటుంది, కానీ పార్శ్వనాథుడి పేరు కింద ఫిరంగి కనిపిస్తుంది. దీన్ని పట్టడానికి రెండూ తెలిసిన మనిషి కావాలి. ఆ ఉద్యోగానికి క్యూరేటర్ అని పేరు. దాన్ని భర్తీ చేయడం సర్వర్ కొన్నంత తేలిక కాదు, ప్రారంభోత్సవానికి రిబ్బనూ ఉండదు.

దిద్దుబాటు కూడా తెలిసినదే. జిల్లా పేరు, డ్రైవ్ పేరు, కంపెనీ పేరు దారిలో ఉండకూడదు. మారని యాక్సెషన్ నంబరు ఒక్కటే ఉండాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు ఆగిపోయినా, ఆ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిఎల్‌ఐ అన్న అక్షరాలున్న గుర్తింపుతోనే ఈనాటికీ తెలుగువాళ్లకు దొరుకుతున్నాయి. దారి మార్చక తప్పనప్పుడు పాత దారి నుంచి కొత్తదానికి మళ్లింపు పెట్టాలి. తనిఖీ నెలకోసారి దానంతట అదే నడవాలి, తెగినవాటి సంఖ్య పోర్టల్ మొదటి పేజీలో, మంత్రిగారి ఫోటో పక్కన పడాలి. ఆ ఫోటో లింకు మాత్రం ఎప్పుడూ తెగదు కాబట్టి చోటు దొరకలేదనడానికి వీల్లేదు. ఫైలు తెరుచుకుని, చెక్‌సమ్ సరిపోలిన బొమ్మలకే చివరి విడత బిల్లు చెల్లిస్తామని టెండరులో ఒక్క వాక్యం చేర్చాలి. చేరిస్తే మిగతా లింకుల్ని కాంట్రాక్టరే రాత్రికి రాత్రి వెతికి పెడతాడు.