రేవు రేవుకో రిజర్వేషన్

అలాస్కా ఓడలో ఒక తెలుగు కుటుంబం నుంచి ఎనిమిది మంది ఎక్కితే, అందులో ప్రయాణికులు ఏడుగురే. ఎనిమిదో ఆయన నిర్వాహకుడు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు. పిల్లలకు వేసవి సెలవులు. బావమరిది దంపతులు కూడా వస్తామన్నారు. ఇంతమందినీ ఒకేసారి సంతోషపెట్టే పూచీ తనదేనని, ఎవరూ అడక్కముందే నెత్తిన వేసుకున్నాడు. ఓడ డెక్కు మీద అతన్ని పోల్చుకోవడం కష్టమేమీ కాదు. మెడలో గది కార్డు, నడుముకి బెల్టు సంచి, చంకలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో నాలుగు రంగుల ఎక్సెల్ షీటు. పసుపు గళ్ళలో ఉన్నవి డబ్బు కట్టేసినవి. ఆకుపచ్చవి రద్దు చేసుకుంటే వాపసు వచ్చేవి. నీలం గళ్ళు వాన పడితే చేయాల్సినవి. ఎర్రగళ్ళలో ఉన్నవి అమ్మకి చెప్పకూడని ధరలు.

సియాటిల్‌లో ఎక్కి ఏడు రాత్రుల తర్వాత మళ్ళీ సియాటిల్‌లోనే దిగే ఈ యాత్రలో గది, తిండి, ఈతకొలను, రాత్రిపూట ఆటపాటలు అన్నీ టికెట్లోనే కలిసి ఉంటాయి. జూనో, స్కాగ్వే, కెచికాన్ రేవుల్లో దిగి ఏదైనా చూడాలంటే మాత్రం ఎవరి జేబు వారిదే. తిమింగలాలకు పడవ, కొండకు రైలు, హిమానీనదం మీదికి హెలికాప్టరు, అక్కడ కుక్కలు లాగే బండి. వీటినే షోర్ ఎక్స్‌కర్షన్లు అంటారు. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన నాన్నగారు మొదటిరోజే విషయం పట్టేశారు: "అంటే ఓడ టికెట్టు అసలు, ఇవి వడ్డీ. అంతేనేటి?"

నిర్వాహకుడి పని జనవరిలోనే మొదలైంది. వాట్సాప్‌లో గ్రూపు పెట్టి, "తిమింగలాలా, ఎలుగుబంట్లా, హెలికాప్టరా?" అని అందరి అభిప్రాయం అడిగాడు. భార్య "మీ ఇష్టం" అంది. బావమరిది బొటనవేలు చూపించాడు. అమ్మ గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టింది. నాన్నగారు వాయిస్ మెసేజ్‌లో "అక్కడ మధ్యాహ్నం భోజనం ఎన్నింటికిరా?" అని కనుక్కున్నారు. వీటన్నిటినీ క్రోడీకరించి, కుటుంబం ఏకగ్రీవంగా తిమింగలాలకే మొగ్గు చూపిందని అతను తేల్చాడు.

హెలికాప్టరు మీద మాత్రం అతనికి సొంతంగా ఆశ ఉండేది. అయితే హెలికాప్టర్ కంపెనీలు ముందే ప్రతి మనిషి బరువూ అడుగుతాయి, అదీ వేసుకున్న బట్టలతో సహా. 250 పౌండ్లు దాటితే అదనంగా కట్టమనడం అక్కడ మామూలే. అందరి బరువులూ పంపమని గ్రూపులో పెట్టాక, రెండు రోజులు గ్రూపులో గులాబీ పువ్వులు కూడా రాలేదు. మూడో రోజు భార్య పంపిన అంకె పెళ్ళినాటిది. హెలికాప్టర్ వరసని అతను షీట్లోంచి తీసేశాడు.

విజిటర్ వీసా మీద అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు ఈ యాత్ర కోసం కెనడా వీసా కూడా కావాల్సి వచ్చింది. చివరి సాయంత్రం ఓడ కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతుంది మరి. ఆ కొన్ని గంటల కోసం వేలిముద్రలు, ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పింఛను కాగితాలు అన్నీ సర్ది పంపాడు. వీసా వచ్చిన రోజున ఇంట్లో పాయసం వండారు.

ఇక గడియారాల సంగతి. అలాస్కా సమయం సియాటిల్ కన్నా గంట వెనక. ఫోన్లు తమంతట తాము మారతాయి, కొన్ని మారవు. ఓడ చెప్పిందే ఓడ సమయం. నిర్వాహకుడు తన చేతి గడియారాన్ని సియాటిల్ సమయంలోనే ఉంచేశాడు. ఎవరు టైమడిగినా గంట ముందుకి చెబుతాడన్నమాట. ఈ ఏర్పాటు వల్ల కుటుంబం ప్రతి రేవులోనూ బస్సు కంటే ముందు, డ్రైవరు కంటే ముందు, ఒక్కోసారి తెల్లవారడం కంటే ముందు వెళ్ళి నిలబడేది.

జూనో అలాస్కా రాష్ట్ర రాజధాని. అయినా బయటినుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. ఓడలోనో విమానంలోనో రావాలి. ఊళ్ళో ఉండేది ముప్పై వేల పైచిలుకు జనం. వేసవిలో పెద్ద ఓడలు విరుచుకుపడుతుంటే తట్టుకోలేక, రోజుకి అయిదు పెద్ద ఓడలే రావాలని ఊరూ ఓడల కంపెనీలూ ఒప్పందానికి వచ్చి 2024 నుంచి అమలు చేస్తున్నాయి. తిమింగలాల పడవని నిర్వాహకుడు ఓడ కౌంటర్లో కాకుండా బయట కంపెనీలో మాట్లాడాడు. మనిషికి నలభై డాలర్లు మిగిలాయి. అయితే ఓడ అమ్మిన ఎక్స్‌కర్షన్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకి చేర్చే ఏర్పాటు చేస్తుంది. బయట కొనుక్కున్నవాళ్ళు ఆలస్యమైతే ఓడ చెయ్యూపి వెళ్ళిపోతుంది. మిగిలిన నలభై డాలర్ల కోసం అతను పడవ ఎక్కిన నిమిషం నుంచీ గడియారమే చూస్తూ కూర్చున్నాడు.

హంప్‌బ్యాక్ తిమింగలాలు చలికాలం హవాయి వెచ్చని నీళ్ళలో పిల్లల్ని కంటూ, దాదాపు ఏమీ తినకుండా గడుపుతాయి. వేసవిలో వేల మైళ్ళు ఈదుకుంటూ ఈ చల్లని నీళ్ళకు వచ్చి కడుపునిండా చేపలు తింటాయి. చట్టం ప్రకారం పడవలు వాటికి వంద గజాల దూరంలో ఉండాలి. పడవ ఆగింది. ఇంజను కట్టేశారు. నిర్వాహకుడు తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అయిదు, ఆరు, ఏడు... ఎనిమిదోది తనదే అని తేలేసరికి అందరూ "హో" అన్నారు. వెనక్కి తిరిగితే నీటి మీద నురగ మాత్రం ఉంది. పిల్లలు వీడియోలో పట్టింది పక్కాయన టోపీ.

"మళ్ళీ లేస్తుందా?" అని అతను గైడుని మూడుసార్లు అడిగాడు. అమ్మ విసుక్కుంది: "దాన్ని తిననీరా! ఆకలితో అంత దూరం నుంచి వచ్చింది, పాపం."

రేవు పక్క పార్కులో నీళ్ళలోంచి ఎగిరిన భంగిమలో నిలువెత్తు కంచు తిమింగలం ఉంది. కుటుంబంలో ఎనిమిది మందీ ఉన్న ఒకే ఒక్క తిమింగలం ఫొటో దాని ముందు తీసిందే. ఆ తిమింగలం కదలదు కాబట్టి ఫొటో అద్భుతంగా వచ్చింది.

స్కాగ్వే వేరే కథ. 1897లో యూకాన్‌లో బంగారం దొరికిందన్న వార్త అందగానే వేలమంది ఈ రేవులో దిగి కొండలెక్కారు. ఏడాదికి సరిపడా తిండీ సామానూ, అంటే దాదాపు ఒక టన్ను, చూపించనిదే కెనడా పోలీసులు కనుమ దాటనిచ్చేవారు కాదు. గైడు ఈ మాట చెప్పగానే ఏడుగురూ ఒక్కసారిగా నిర్వాహకుడి వీపుసంచి వైపు చూశారు. అందులో ఎనిమిది వానకోట్లు, మూడు రకాల మేజోళ్ళు, దుర్భిణి, బీపీ మాత్రలు, రెండు పొట్లాల జంతికలు, ఒక మడత కుర్చీ ఉన్నాయి. "మిమ్మల్ని ఆపేవాళ్ళు కాదులెండి" అంది భార్య.

ఆ కొండదారినే 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన రైలు వైట్ పాస్ అండ్ యూకాన్ రూట్. పట్టాల మధ్య మూడడుగులే. సముద్రమట్టం నుంచి ఇరవై మైళ్ళలో 2,865 అడుగుల ఎత్తుకి ఎక్కుతుంది. షీట్లో ఎర్రగడిలో ఉన్నది ఇదే. కిటికీ పక్క సీటు నాన్నగారికిచ్చి, లోయలు, జలపాతాలు, చెక్క వంతెనలు వచ్చినప్పుడల్లా ఆయన మొహం వంకే చూస్తూ కూర్చున్నాడు నిర్వాహకుడు. నాన్నగారు చాలాసేపు మౌనంగా చూశారు. చివరికి నోరు విప్పారు.

"నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలుండేది గదా, అది కూడా 1900లోదే. దాని పట్టాలు ఇంకా ఇరుకు, రెండున్నర అడుగులే."

"అవును నాన్నా, కానీ ఈ ఎత్తు చూడండి!"

"ఎంతేటి?"

"దాదాపు 870 మీటర్లు."

"మన అరకు రైలు మీద సిమిలిగుడ స్టేషనుంది. అది 996. ఎంతైందిరా దీనికి?"

నిర్వాహకుడు ఫోల్డరు మూసేశాడు.

మధ్యాహ్నం బంగారం కడిగే ఆట. పళ్ళెంలో ఇసుకా నీళ్ళూ పోసిస్తారు, అటూ ఇటూ ఊపుతూ ఇసుకని జార్చేస్తే అడుగున బంగారం మిగులుతుంది. ప్రతి పళ్ళెంలోనూ బంగారం గ్యారంటీ. ఎందుకంటే ముందే అందులో వేసి ఇస్తారు. అమ్మ కొంగు బిగించి, మోకాళ్ళ నొప్పి మర్చిపోయి, పళ్ళెం మీదికి వంగింది. అడుగున మూడు పసుపు నలుసులు తళుక్కుమన్నాయి. "తులంలో ఎన్నో వంతుంటుందిరా?" అని అడిగింది. తూకానికి అందదన్నారు. నలుసుల్ని చిన్న గాజుగొట్టంలో వేసిచ్చారు. ఆ గొట్టం ఆవిడ పర్సులోకి వెళ్ళింది. అప్పటి నుంచి కుటుంబం మొత్తానికి ఆ పర్సు మీదే దృష్టి.

ఈ ఊళ్ళోనే సోపీ స్మిత్ అనే ఘరానా మోసగాడు ఉండేవాడు. ఊరికి తంతి తీగే లేని రోజుల్లో టెలిగ్రాఫ్ ఆఫీసు తెరిచి, ఇంటికి కబురు పంపుతానని మనిషికి అయిదు డాలర్లు వసూలు చేశాడని చెబుతారు. 1898 జులైలో తుపాకీ కాల్పుల్లో చచ్చాడు. బావమరిది ఫోను పైకెత్తి, ఓడ వైఫైలో అరగంటగా తిరుగుతున్న గుండ్రటి గుర్తుని నిర్వాహకుడికి చూపించాడు. ఎనిమిది మందికీ కలిపి ఒకే ఫోనుకి ప్యాకేజీ తీసుకున్నది నిర్వాహకుడే కాబట్టి అతను తల తిప్పుకున్నాడు.

గ్లేసియర్ బే రోజున దిగే రేవు లేదు, కొనే టికెట్టూ లేదు. రోజుకి రెండు పెద్ద క్రూయిజు ఓడలకే అనుమతి. పార్కు రేంజర్లు ఓడెక్కి మైకులో కథ చెబుతారు. 1794లో వాంకోవర్ బృందం వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు మొత్తం మంచే. అప్పటి నుంచి మంచు అరవై మైళ్ళకు పైగా వెనక్కి జరిగింది. చేతిలో పని లేక నిర్వాహకుడు కాఫీ కౌంటరు దగ్గర తచ్చాడుతుంటే, అచ్చం తనలాంటి ఫోల్డరు పట్టుకున్న ఇంకొకాయన కనిపించాడు. కరీంనగర్ ఆయన, చికాగోలో ఉంటాడు, పదిమందితో వచ్చాడు.

"వేల్స్‌ది మీకెంత పడ్డదన్నా?"

నిర్వాహకుడు ధర చెప్పాడు.

"ఓడోళ్ళ దగ్గరనా, బయటనా?"

"బయటే."

"గంతెందుకు పెట్టిన్రు? నాకు ఇంక ఇరవై తక్కువల వచ్చింది."

ఇద్దరూ షీట్లు పరిచి, వరస వరసా పోల్చుకోవడంలో పడ్డారు. వాళ్ళ వెనక అద్దం బయట మైలు వెడల్పున్న మార్జరీ హిమానీనదం అంచు నుంచి, పెద్ద ముక్క విరిగి ఉరుములాంటి చప్పుడుతో నీళ్ళలో పడింది. డెక్కంతా కేకలు వేసింది. కిటికీ దగ్గర ఉప్మా లాంటిదేదో తింటూ కూర్చున్న అమ్మకి అది కళ్ళ ముందే జరిగింది. రెండో ముక్క కూడా ఆవిడకే కనిపించింది.

కెచికాన్‌లో ఏడాదికి 140 అంగుళాలకు పైనే వాన కురుస్తుంది. శ్రీకాకుళం జిల్లాకి మూడింతలన్నమాట. ఊరి మధ్యలో ఆ లెక్కని చూపించే ఎత్తైన కొలబద్ద కూడా పెట్టారు. మిస్టీ ఫియోర్డ్స్ మీద నీటి విమానం ఆ రోజు వాతావరణం బాగాలేక రద్దయింది. నిర్వాహకుడికి ఇది ఓటమి కాదు, షీట్లోని నీలం గడికి దక్కిన గౌరవం. అరగంటలో అందరినీ కట్టెలు కొట్టేవాళ్ళ పోటీకి తోలుకెళ్ళాడు. పైకప్పున్న గ్యాలరీ, రెండు జట్లు, ఒక సగం అమెరికాకి చప్పట్లు కొట్టాలి, ఇంకో సగం కెనడాకి. నాన్నగారు కెనడా వైపు వెళ్ళి కూర్చున్నారు. "వీసా ఇచ్చినోళ్ళు రా" అని, గొడ్డలి దెబ్బ పడినప్పుడల్లా ఈల వేశారు. యాత్ర మొత్తంలో ఆయన ఈల వేసింది ఇక్కడే. ఖర్చులో ఇదే అన్నిటికన్నా చవక.

చివరి సాయంత్రం విక్టోరియా. పాత సున్నపురాయి గని గుంటలో పెంచిన బుచార్ట్ గార్డెన్స్‌కి ఎనిమిది టికెట్లు ముందే కొని ఉన్నాయి. బస్సుకి ఇరవై నిమిషాలుందనగా నాన్నగారు పరుపు మీద కాళ్ళు చాపి అడిగారు, అసలు ఈ ఊళ్ళో ఓడెందుకు ఆగుతుందని. నిర్వాహకుడికి ప్రాణం లేచొచ్చింది. వారం రోజుల్లో అతన్ని ఎవరైనా అతనికి నచ్చిన ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. ఇది విదేశీ జెండా ఉన్న ఓడ, అమెరికా రేవు నుంచి బయల్దేరి మళ్ళీ అమెరికా రేవుకే ప్రయాణికుల్ని చేర్చాలంటే మధ్యలో ఒక్క విదేశీ రేవైనా తగలాలి, 1886 నాటి చట్టమది, 2021లో కోవిడ్ వల్ల కెనడా రేవులు మూసేస్తే అలాస్కా ఓడల కోసం అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది అని ఏకబిగిన చెప్పాడు.

నాన్నగారు లేచి కూర్చున్నారు. తిమింగలానికి గానీ, కనుమకి గానీ, మంచుకొండకి గానీ రాని మెరుపు ఆయన కళ్ళలో వచ్చింది. "1886 చట్టం ఇంకా అమల్లో ఉందా? సవరణలెన్ని? ప్రయాణికులు దిగాలని ఉందా, ఓడ ఆగాలని ఉందా?"

"ఓడ ఆగాలి నాన్నా."

"ఆగింది కదా మరి!" అని మళ్ళీ పడుకున్నారు. అమ్మ కూడా పర్సు తలగడ కింద పెట్టుకుని దుప్పటి కప్పుకుంది.

దిగే వంతెన దగ్గర రెండు టికెట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డ నిర్వాహకుడికి కరీంనగర్ ఆయన ఎదురుపడ్డాడు. "మా మామకి, అత్తకి తోటకు పోవాల్నని ఉందట, నేను బుక్ చెయ్యలే. ఎంతకిస్తవన్నా?" అని తన ఫోల్డరు తెరిచి, పెన్ను టోపీ తీశాడు.