పాట కోసం ముందు ఇల్లు మార్చండి, కంప్యూటర్ సంగతి తర్వాత

ఏమీ కొనకండి. డ్యాక్ (కంప్యూటర్‌లోని అంకెల్ని శబ్ద సంకేతంగా మార్చే పెట్టె) వద్దు, కొత్త సౌండ్ కార్డు వద్దు, వెండిపూత కేబుళ్లు అసలే వద్దు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్ ఎక్కడికీ పోదు, కోఠి గుజరాతీ గల్లీ కూడా అక్కడే ఉంటుంది. ఈ శనివారం మీరు చేయాల్సిన పని ఒక్కటే. పాటలు వినే గదిలో ఫ్యాన్ ఆపి, మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట చరచండి.

బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్‌లలో ఈమధ్య లేచిన అపార్ట్‌మెంట్లలో ఆ చప్పట ఒక్కసారి వినిపించి ఊరుకోదు. టర్‌ర్‌మని రెండు గోడల మధ్యా కొట్టుకుంటూ పోతుంది. కింద విట్రిఫైడ్ టైల్స్, చుట్టూ పుట్టీ పెట్టి నున్నగా తీర్చిన గోడలు, ఎదురుగా బాల్కనీ అద్దాల తలుపు. బాలు పాడిన మాటా, గోడలు తిప్పికొట్టిన అదే మాటా కలిసిపోయి మీ చెవిన పడుతున్నాయి. లక్ష రూపాయల డ్యాక్ కూడా ఆ గోడల నోరు మూయించలేదు. అందుకే నా సలహాలన్నీ ఇంట్లోవాళ్లకి తలకిందులుగా కనిపిస్తాయి. అయినా చెప్తాను, ఇవే పనిచేస్తాయి కాబట్టి.

మొదట స్పీకర్లు. మానిటర్‌కి అటూ ఇటూ, గోడకి ఆనించి, టేబుల్ మీద పెట్టుకుని ఉంటారు. అక్కణ్ణుంచి తీసేయండి. ఎత్తైన స్టూళ్ల మీద పెట్టి, గోడ నుంచి రెండున్నర, మూడు అడుగులు ముందుకి లాగండి. ట్వీటర్ మీ చెవి ఎత్తుకి రావాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కోదానికీ మీకూ మధ్య కూడా అంతే దూరం ఉండాలి. దాంతో అవి గది నడిమధ్యకి వచ్చేస్తాయి, నడవడానికి అడ్డమొస్తాయి. రానివ్వండి, మనుషులు చుట్టూ తిరిగి వెళ్తారు. మూలల్లో మాత్రం పెట్టొద్దు, అక్కడ బేస్ ఉబ్బిపోతుంది. ఈశాన్యంలో బరువు ఉండకూడదని పెద్దవాళ్లు అంటే వెంటనే ఒప్పుకుని, స్పీకర్ల విషయంలో మిగతా మూడు మూలలకీ అదే నియమం పెట్టండి.

ఇక అసలు చిక్కు. మన ఫ్లాట్లలో చిన్న బెడ్‌రూమ్ సాధారణంగా 10 అడుగులకి 10 అడుగులో, 10కి 11 అడుగులో ఉంటుంది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. 10 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర ధ్వని నిలబడిపోతుంది. బేస్ గిటార్‌లో ‘ఏ’ (A) తీగని నొక్కకుండా మీటితే వచ్చేది 55 హెర్ట్జ్. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఎంత ముఖ్యమో మీకు తెలుసు. అలాంటి పాటలో ఆ ఒక్క స్వరం ధబ్బుమని మీద పడుతుంది, దాని పక్క స్వరాలు ఎక్కడున్నాయో తెలియదు. పొడవూ వెడల్పూ ఎత్తూ మూడూ 10 అడుగులైతే ముప్పు మూడింతలు.

నమ్మకం కలగకపోతే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, జనరేట్ మెనూలో టోన్ ఎంచుకుని, 55 హెర్ట్జ్ తరంగాన్ని తక్కువ వాల్యూమ్‌లో ఒక నిమిషం మోగించండి. మోగుతుండగా గదిలో నెమ్మదిగా నడవండి. గోడ దగ్గరికి వెళ్తే కడుపులో గుబగుబమంటుంది. గది సరిగ్గా మధ్యకి వస్తే సన్నబడి దాదాపు మాయమవుతుంది. అప్పుడే ఇంకో చప్పుడు కూడా పట్టుకోండి. ఇనప బీరువా పిడి చిర్‌ర్‌మని వణుకుతుంటుంది. దాని మీద అరచెయ్యి ఆనిస్తే ఆగిపోతుంది, తీస్తే మళ్లీ మొదలు. బీరువా మీది గాజుల పెట్టె, షోకేసులో గాజు బొమ్మలు, గోడకి వేలాడే ఫొటో ఫ్రేము, ఒక్కొక్కటీ ఇలాగే దొరుకుతాయి. పిడి సందులో గుడ్డముక్క దూర్చండి, ఫ్రేము వెనక నాలుగు మూలలా కొంచెం దూది పెట్టండి. మీకు ఇన్నాళ్లూ ‘రికార్డింగ్ బాలేదు’ అనిపించిన పాటల్లో కొన్నింటికి కారణం ఈ బీరువానే.

కుర్చీ గది మధ్యలో వేయకండి, వెనక గోడకి ఆనించకండి. వెనక గోడ నుంచి గది పొడవులో మూడోవంతు దగ్గర వేయండి. సోఫా అయినా సరే, ముందుకి జరపాల్సిందే.

తర్వాత బొంతలు. పాత చీరలతో కుట్టిన మందపాటి బొంత ఇంట్లో ఉంటే అది బంగారం. ఎక్కడ వేలాడదీయాలో అద్దం చెప్తుంది. మీరు కుర్చీలో కూర్చుని, బొట్టు పెట్టుకునే అద్దాన్ని పక్క గోడ వెంబడే జరుపుకుంటూ వెళ్లమని ఇంట్లో ఎవరినైనా అడగండి. అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ బొంత వేలాడాలి. రెండు గోడలకీ అంతే. కింద జంపఖానా పరవండి. బొంతలు గొంతునీ వయొలిన్లనీ శుభ్రం చేస్తాయి గానీ బేస్‌ని ఆపలేవు. దానికి మందం కావాలి. బూరుగుదూది పరుపులు చుట్టచుట్టి మూలల్లో నిలబెడితే కొంత మేలు. పెళ్లిళ్లకి వచ్చే చుట్టాల కోసం దాచిన పరుపులు ఈ పనికి వాడండి.

ఇప్పుడు కంప్యూటర్. ఏ ప్లేయర్ తియ్యగా వినిపిస్తుందని అడక్కండి. 2002 నుంచీ ఉన్న ఫూబార్2000 తయారీదారులే తమ ప్లేయర్ మిగతావాటికంటే బాగా వినిపించదని రాసుకున్నారు. ఆ నిజాయితీ కోసమైనా దాన్నే పెట్టుకోండి. ప్లేయర్ చేయాల్సిన పని పాటని ముట్టుకోకుండా దాటించడమే. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేయండి. బేస్ బూస్ట్, ఈక్వలైజర్, సరౌండ్ అన్నీ. సీడీ పాట సెకనుకి 44,100 నమూనాలతో ఉంటుంది, విండోస్ చాలాసార్లు దాన్ని 48,000కి మార్చి పంపుతుంది. ఆ తేడా చెవికి అందేది చాలా తక్కువే, కానీ అక్కర్లేని మార్పు ఎందుకు? ఫూబార్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ డివైస్ దగ్గర ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నది ఎంచుకోండి. అప్పుడు పాట మోగుతున్నంతసేపూ ఆ స్పీకర్లు ఇంకెవరికీ దొరకవు. టీమ్స్ మెసేజ్ చప్పుడు కూడా రాదు. అది కూడా లాభమే.

విండోస్ వాల్యూమ్ 100లో ఉంచి, ఆంప్లిఫయర్ దగ్గర తగ్గించుకోండి. మొదటిసారి పెట్టేముందు ఆంప్లిఫయర్‌ని సున్నాకి తిప్పడం మర్చిపోకండి. రీప్లేగెయిన్ ఒక్కటి మాత్రం పెట్టుకోండి. 1980 నాటి శంకరాభరణం తర్వాత నిన్నటి సినిమా పాట వస్తే ఉలిక్కిపడకుండా రెంటినీ ఒక మట్టానికి తెస్తుంది.

ల్యాప్‌టాప్ ఫ్యాన్ గుయ్‌మంటుంటే ల్యాప్‌టాప్‌ని గదిలోంచి బయటికి పంపండి. యూఎస్‌బీ తీగ 5 మీటర్ల దాకా పోతుంది. తలుపు కింద నుంచి తీసుకుని కంప్యూటర్‌ని నడవాలో పెట్టి, ఫోన్‌తో నడపండి. ఫ్యాన్ లేని రాస్‌ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్‌లో ఎమ్‌పీడీ అనే ప్లేయర్ వేసుకుంటే ఇంకా మంచిది.

ఘంటసాల పాటలకి ఒక స్పీకర్ తీసేయండి. మాయాబజార్ 1957 నాటిది, పాటలన్నీ మోనో. రెండు స్పీకర్లలో ఒకే గొంతు పంపితే తల అటూ ఇటూ తిప్పినప్పుడల్లా గొంతు రంగు మారుతుంది. ఎక్స్‌క్లూజివ్ తీసేసి, విండోస్‌లో మోనో ఆడియో నొక్కి, ఒక్క స్పీకర్‌ని ఎదురుగా పెట్టుకుని వినండి. ఆయన ఒక్కచోట నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది. పాతవాటికి ఎకో, డ్రమ్స్ కలిపి స్టీరియో అని తిప్పుతున్న ఫైళ్లు చెరిపేయండి. 128 కేబీపీఎస్ ఎమ్‌పీ3ని ఏదీ పోగొట్టని ఫ్లాక్ ఫార్మాట్‌కి మార్చితే సైజు పెరుగుతుంది తప్ప పోయింది తిరిగి రాదు. ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ చూస్తే 16 కిలోహెర్ట్జ్ పైన కత్తితో కోసినట్టు ఖాళీ కనిపిస్తుంది, అది నకిలీ ఫ్లాక్ గుర్తు.

స్పీకర్లలో గుమ్‌మని హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే అది ఎర్త్ గొడవ. ల్యాప్‌టాప్‌నీ ఆంప్లిఫయర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే చాలాసార్లు తగ్గుతుంది. ఎర్త్ పిన్ను విరగ్గొట్టే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, ప్రాణాపాయం. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లు జుమ్మంటాయి, ఆ కాసేపూ వినకండి. పగలు బోరు మోటారు, వాటర్ ట్యాంకర్, పక్క సైటులో టైల్స్ కోత. శ్రద్ధగా వినాలనుకున్న పాటని తెల్లవారుజాము 4 గంటలకి, చిన్న వాల్యూమ్‌లో వినండి. ఆఫీసు క్యాబ్ 8కి కదా, నిద్ర ముందే కానిచ్చేయొచ్చు.

ఇవన్నీ అయ్యాక ఇంకా ఏదైనా కొనాలనిపిస్తే, పాతదీ కొత్తదీ ఒకే వాల్యూమ్‌కి సరిచేసి, ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంకొకరి చేత మార్పించి వినండి. కొంచెం గట్టిగా మోగేదే బాగున్నట్టు చెవి చెప్తుంది, షాపులో జరిగేది అదే.

ఇంకా ఇల్లు కొననివాళ్లకి ఒక మాట. ఫ్లాట్ చూడబోయేటప్పుడు టేపు తీసుకెళ్లండి. మోడల్ ఫ్లాట్‌లో చప్పట కొట్టకండి, అక్కడ సోఫాలూ కర్టెన్లూ ఉంటాయి. మీకు రాబోయే ఖాళీ ఫ్లాట్‌లోనే కొట్టండి. 10కి 10 గది ఉన్నదాన్ని వదిలేసి 10కి 13 గది ఉన్నది తీసుకోండి, అందుకోసం వంటగది కాస్త ఇరుకైనా సరే.