చదరపు అడుగుకు ఆరుగురు

హైదరాబాద్ శివార్లలో చదరపు అడుగు ధర విని నిట్టూర్చేవాళ్లకు ఒక శుభవార్త. ఒక్క అడుగులో అయిదారుగురు నిక్షేపంగా కాపురం ఉండొచ్చని పెంపకం కరపత్రాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. కాకపోతే మీరు కౌజు పిట్టగా పుట్టి ఉండాలి.

ఆ కరపత్రాల ముందు ఏ వెంచర్ వాళ్ల బ్రోచరూ నిలవదు. ఒక కోడికి పట్టే చోటులో ఎనిమిది నుంచి పది కౌజులు. పద్దెనిమిది రోజుల్లోపే పిల్ల, అయిదు వారాలకు కూర, ఆరేడు వారాలకు గుడ్డు. పెట్టుబడి తక్కువ, రాబడి త్వరగా, నిరుద్యోగ యువతకు ఉపాధి. ఇందులో అబద్ధమేమీ లేదు. పిట్టను ఎవరూ అడగలేదు, అంతే.

లెక్క వేసి చూద్దాం. అడుగుకు ఆరంటే ఒక్కో పిట్ట వాటా సుమారు 155 చదరపు సెంటీమీటర్లు. ఊహకందకపోతే జేబులోంచి కొత్త పది రూపాయల నోట్లు రెండు తీసి పక్కపక్కన పరవండి. అదే ఇల్లు. తినడం, తాగడం, పడుకోవడం, గుడ్డు పెట్టడం, పెట్టిన గుడ్డు దొర్లిపోతుంటే చూస్తూ కూర్చోవడం అన్నీ అక్కడే. కాలు చాపితే పక్కవాళ్ల వాటాలోకి వెళ్లినట్టు.

ఫారం వాళ్ల దృష్టిలో కౌజుకు రెండు చెడ్డ అలవాట్లు. ఒకటి, మట్టిలో పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకోవడం. తీగల నేల మీద మట్టి ఉండదు కనుక ఆ అలవాటు ఖర్చు లేకుండా మాన్పించేశారు. రెండోది, బెదిరితే నిట్టనిలువునా పైకి ఎగరడం. గడ్డి దుబ్బుల్లో బతికే పిట్టకు ప్రాణం కాపాడేది ఆ ఒక్క విద్యే. షెడ్డులో అదే చేస్తే తల కప్పుకు తగిలి పగులుతుంది. దీనికి నిపుణులు బ్రహ్మాండమైన మందు కనిపెట్టారు: కప్పును ఇంకా కిందికి దించారు. ఊపందుకునేలోపే తగులుతుంది గనుక దెబ్బ చిన్నది. ఎగిరే జాతికి ఎగరడమే జబ్బని తేల్చిన వైద్యం ఇది!

దయ బొత్తిగా లేదనుకోకండి. బొటనవేలంత పిల్లలు నీళ్ల గిన్నెలో మునిగి చావకుండా అందులో గులకరాళ్లు వేయాలని అన్ని కరపత్రాలూ మరీమరీ చెబుతాయి. అమ్మకానికి ముందు చస్తే నష్టం కదా. రైతును అనడానికి లేదు. కాగితంలో రాసిందే చేస్తున్నాడు. దాణా ధరా, బేరగాడు చెప్పే ధరా రెండూ అతని చేతిలో లేవు.

చట్టం లేదా అంటే, ఉంది. కదలడానికి చాలని పంజరంలో జంతువును బంధించడం నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పదకొండో సెక్షన్ చెబుతోంది. మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయలకు తగ్గదు, యాభైకి మించదు. పిట్ట కింద పరిచిన నోట్లలో ఒకటి తీసి కట్టేయొచ్చు, రెండోది మిగులుతుంది. 2023లో గుడ్ల ఫారాలకు కొత్త నియమాలు వచ్చి ఒక్కో కోడికి 550 చదరపు సెంటీమీటర్లు కేటాయించాయి. అదీ ఏ4 కాగితం కన్నా తక్కువే అనుకోండి. పైగా ఆ నియమాల పేరులోనే కోడి ఉంది. కౌజు గుడ్డు పెట్టినా అది ఆ గుడ్ల లెక్కలోకి రాదు.

అసలు ఈ పిట్ట ఎవరిదో తేల్చడానికే ఢిల్లీకి రెండేళ్లు పట్టింది. కౌజులు వన్యప్రాణి చట్టం జాబితాలో ఉన్నాయి కాబట్టి కొత్త ఫారాలకు అనుమతులివ్వొద్దని పర్యావరణ శాఖ 2011లో లేఖ రాసింది. 2013 చివర్లో మనసు మార్చుకుని, జపాన్ కౌజు పెంపుడు పక్షేనని తేల్చింది. ఈ మధ్యకాలమంతా అడవి మొహం చూడని పిట్ట షెడ్డులో కూర్చునే అడవి పక్షిగా చలామణీ అయ్యింది. తర్వాత అదే షెడ్డులో కదలకుండా పెంపుడు పక్షి అయిపోయింది. మారింది ఫైలే, పంజరం కాదు.

మన ప్రభుత్వానికి పక్షుల మీద జాలి లేదంటే మాత్రం నేనొప్పుకోను. ఫ్రాన్సులో బాతులకూ పెద్దబాతులకూ గొంతులోకి గొట్టం దించి, రోజుకు రెండు మూడుసార్లు మొక్కజొన్న కుక్కి, కాలేయాన్ని దాని మామూలు సైజుకు ఎన్నో రెట్లు ఉబ్బిస్తారు. ఆ కాలేయం పేరు ఫ్వా గ్రా. తమ సాంస్కృతిక వారసత్వమని ఫ్రెంచివాళ్లు దాన్ని చట్టంలోనే రాసుకున్నారు. 2014 జులైలో దాని దిగుమతిని మన దేశం నిషేధించింది. మంచి పని, సందేహం లేదు. ఆ వంటకం మన దగ్గర కొన్ని నక్షత్రాల హోటళ్లలో తప్ప దొరికేది కాదు. దిగుమతి ఆగిపోతే రోడ్డెక్కే రైతు సంఘం లేదు, పోయే ఓటూ లేదు. ఇంత చవగ్గా దొరికే కరుణను ఏ సర్కారు వదులుకుంటుంది?

కాబట్టి ఆ నిషేధం ఇచ్చిన విదేశీ వాణిజ్య శాఖ వారికే నా విన్నపం. అయ్యా, మా కౌజు కూడా పరాయి దేశపు పక్షే. పేరు జపాన్‌ది, 1974లో దిగింది కాలిఫోర్నియా నుంచి, చేరింది బరేలీ పక్కన ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రానికి. ఇక్కడ పుట్టిందన్న ఒక్క నేరం తప్ప తమరి దయకు దానికి అన్ని అర్హతలూ ఉన్నాయి. దయచేసి దాన్ని కూడా ఫ్రెంచి బాతుగా పరిగణించగలరు.