వెనకచూపు

కారులో వెనక చూసే అద్దం ఊడిపోయినా బండి నడుస్తుంది. తోలేవాడికి మాత్రం వీపు వెనక ఏమవుతోందో తెలియదు. అందుకే మా బావగారి కారులో అద్దం ఊడిందనగానే ఆ పని మీద పడ్డాను.

బెజవాడలో మే నెల ఎండకి, ముందు గాజుకి అద్దాన్ని పట్టి ఉంచే లోహపు బిళ్ళ ఊడి కిందపడి అంచు విరిగింది. అంతకుముందు ఎవరో చిటికెలో అంటుకునే మామూలు గమ్ముతో అతికించారు. ఎండకి గాజు ఒకలా సాగుతుంది, లోహం ఇంకోలా సాగుతుంది. పెళుసు గమ్ము ఆ లాగుడుకి ఆగదు. కొత్త బిళ్ళ, ఈ పనికనే అమ్మే గమ్ము తెచ్చి, ఆదివారం తెల్లవారగానే, గాజు చల్లగా ఉండగా మొదలుపెట్టాం. డ్రైవర్ కుర్రాడు సాయం పట్టాడు.

బిళ్ళ ఉండాల్సిన చోటు తెలిసేలా గాజుకి బయటివైపు టేపు ముక్క అంటించాం. లోపల పాత గమ్ముని బ్లేడుతో గీకి స్పిరిట్‌తో తుడిచాం. గమ్ముతో పాటు ఇచ్చిన మందు రెండువైపులా రాసి ఆరనిచ్చాక, బిళ్ళ మీద ఒక్క చుక్క గమ్ము వేశాను. బిళ్ళకి పైవైపు, కిందివైపు ఉంటాయి. తిరగేసి అంటిస్తే అద్దం ఎక్కదు.

"కదలకుండా ఒక నిమిషం నొక్కిపట్టు" అన్నాను కుర్రాడితో. బొటనవేలు బిళ్ళ మీద అదిమాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

ఆ నిమిషంలో అతనికి ఇండియానాపోలిస్ పందెం సంగతి చెప్పాను. 1911లో మిగతా కార్లలో వెనక ఎవరొస్తున్నారో చూసి చెప్పడానికి పక్కన ఒక మెకానిక్ కూర్చునేవాడు. రే హారౌన్ ఒక్కడే కూర్చుని, మనిషికి బదులు అద్దం పెట్టుకుని, పందెం గెలిచాడు.

"పక్కన మనిషుంటేనే మంచిదండి" అన్నాడు కుర్రాడు.

ఇంతలో బావగారు తిరుపతి లడ్డూ తెచ్చి చేతిలో పెట్టారు. "మొన్న దర్శనం అవగానే రాత్రికి రాత్రే బయల్దేరాం. కళ్ళు మూసి తెరిచేసరికి బెజవాడలో ఉన్నాం!"

బిళ్ళ మీద వెంటనే బరువు పెట్టకూడదు. ఒక రోజు ఆగి అద్దం తగిలించాను. కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, వెనక గాజు నిండుగా కనబడేలా సర్దాను.

బావగారు వెనక సీట్లో కూర్చుని, "దాన్ని కాస్త నావైపు తిప్పవోయ్. వీడి కళ్ళు నాకు కనబడాలి" అన్నారు.

"అలా తిప్పితే అతనికి వెనక వచ్చే బండి కనబడదు బావగారూ."

"దానికి పక్కద్దాలున్నాయిగా! రాత్రిపూట వీడు కునుకు తీస్తున్నాడేమోనని అనుమానం. ఇకనుంచి నా కన్ను వీడి మీదే ఉండాలి."

కుర్రాడు స్టీరింగ్ మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మొన్న ఒంగోలు దాటాక నా కళ్ళు మూతలు పడుతున్నాయండి. కాసేపు ఆపమంటారా అని అడుగుదామని వెనక్కి తిరిగి చూశాను. మీరు గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. లేపితే కోప్పడతారని అలాగే తోలుకొచ్చేశాను."